ఈబీ-1ఏ: మంచి ఇంజినీర్ల పిటిషన్లు ఎందుకు డినై అవుతాయి, ఫైల్‌ని మొదటి నుంచి ఎలా కట్టుకోవాలి

హెచ్-1బి మీద అమెరికాలో ఉంటున్న మన ఇంజినీర్లు నలుగురు కలిస్తే ఇప్పుడు ఈబీ-1ఏ (తన రంగంలో అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల కోసం ఉన్న గ్రీన్ కార్డు కేటగిరీ) మాట రాకుండా ఉండదు. కారణం అందరికీ తెలిసిందే. గ్రీన్ కార్డు క్యూలో ఏ తేదీ వాళ్లదాకా వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా వీసా బులెటిన్‌లో చెబుతుంది. 2025లో ఎక్కువ నెలలు అందులో ఇండియా ఈబీ-2 (మనవాళ్లు ఎక్కువమంది కంపెనీ ద్వారా వేసే కేటగిరీ) తేదీ 2013లోనే ఉంది. అదే సమయంలో ఈబీ-1 తేదీ 2022 ఫిబ్రవరి దగ్గర ఉంది. అంటే తొమ్మిదేళ్ల తేడా. పైగా ఈబీ-1ఏకి కంపెనీ స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, పెర్మ్ (ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని కార్మిక శాఖ ఇచ్చే ధృవీకరణ) అక్కర్లేదు, మన పిటిషన్ మనమే వేసుకోవచ్చు. పాత ఈబీ-2 ఐ-140 (గ్రీన్ కార్డు పిటిషన్ ఫారం) అప్రూవ్ అయి ఉంటే ఆ ప్రయారిటీ డేట్‌ని, అంటే క్యూలో మీ చోటు తేదీని, ఇక్కడికి తెచ్చుకోవచ్చు కూడా. 2016 డేట్‌తో కూర్చున్నవాళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు.

అందుకే చాలామంది వేస్తున్నారు, అందులో నిజంగా గొప్ప పని చేసినవాళ్లకి కూడా డినయల్ వస్తోంది. ఈ పిటిషన్లు చూసే అమెరికా వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్. దాని అప్పీళ్ల విభాగం ఏఏఓ తన నిర్ణయాలను పేర్లు తీసేసి వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో ఇంజినీర్ల కేసులు ఓ పది ఓపిగ్గా చదివితే ఒకే వాదన మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: మీ పని మీ కంపెనీకి ఉపయోగపడిందని చూపించారు, మీ రంగం మీద దాని ప్రభావం ఏమిటో చూపించలేదు. మీ తెలివిని ఎవరూ తక్కువ చేయడం లేదు. కంపెనీ గోడ దాటి మీ పని ఎక్కడికి వెళ్లిందన్న ప్రశ్నకి ఫైల్‌లో జవాబు లేదు, అంతే. ఈ మార్గదర్శి మొత్తం ఆ జవాబు ఎలా తయారు చేసుకోవాలన్న దాని గురించే.

ఇది సొంతంగా ఫైల్ చేసేవాళ్లకీ, లాయర్‌తో చేసేవాళ్లకీ కూడా. లాయర్ ఉన్నా ఆధారాలు వెతికి తేవాల్సింది మీరే.

మొదటి అడుగు: రెండు దశల పరీక్షని సరిగ్గా అర్థం చేసుకోండి

నోబెల్ స్థాయి అవార్డు ఒకటి ఉంటే అదొక్కటే చాలు. మనలాంటి వాళ్లకి ఉన్న దారి పది క్రైటీరియాల్లో (అర్హత ప్రమాణాల్లో) కనీసం మూడు చూపించడం. అవార్డులు, ఎంపిక కఠినంగా ఉండే సంఘాల్లో సభ్యత్వం, మీ గురించి మీడియాలో వచ్చిన కథనాలు, ఇతరుల పనిని జడ్జ్ చేయడం, పెద్ద ప్రాముఖ్యం ఉన్న సొంత కృషి, పరిశోధన వ్యాసాలు, కళా ప్రదర్శనలు, పేరున్న సంస్థల్లో లీడింగ్ లేదా క్రిటికల్ రోల్, అధిక జీతం, ప్రదర్శన కళల్లో వాణిజ్య విజయం. కళలకి సంబంధించిన రెండూ తీసేస్తే ఇంజినీర్‌కి ఎనిమిది మిగులుతాయి.

మూడు కుదిరితే పని అయిపోయిందనుకోవడమే డినయల్స్‌కి అతి పెద్ద కారణం. 2010లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు కజారియన్ అనే భౌతిక శాస్త్రవేత్త కేసులో తీర్పు ఇచ్చింది. క్రైటీరియాలో రాసి లేని కొత్త షరతులని ఆ దశలోనే పెట్టకూడదని కోర్టు చెప్పింది. అయినా ఆయన పిటిషన్ నిలబడలేదు, రెండు క్రైటీరియాలే కుదిరాయి. ఆ తీర్పు తర్వాత యూఎస్‌సీఐఎస్ అదే ఏడాది డిసెంబర్‌లో రెండు దశల పద్ధతి తెచ్చింది. మొదట మూడు కుదిరాయా అని లెక్క చూస్తారు. తర్వాత అన్నీ కలిపి చూసి, ఈ మనిషి తన రంగంలో శిఖరానికి చేరిన కొద్దిమందిలో ఒకరా, ఆ పేరు నిలకడగా ఉందా అని తూకం వేస్తారు. రెండోదాన్ని ఫైనల్ మెరిట్స్ అంటారు. ఇంజినీర్ల ఫైళ్లు ఎక్కువగా కూలేది అక్కడే.

దీనివల్ల ఒక ముఖ్యమైన పరిణామం ఉంది. మొదటి దశలో టిక్ పెట్టించే ఆధారం రెండో దశలో మీకు ఎదురు తిరగొచ్చు. ఉదాహరణకి, ఏ సంబంధం లేని చిన్న జర్నల్‌కి రెండు పేపర్లు రివ్యూ చేస్తే జడ్జింగ్ క్రైటీరియా దాటవచ్చు. ఫైనల్ మెరిట్స్‌లో మాత్రం ఆఫీసర్ అడిగేది వేరు: శిఖరాన ఉన్నవాళ్లని ఇలాంటి జర్నల్ పిలుస్తుందా?

రెండో అడుగు: మీ ఫీల్డ్ ఏమిటో ఒక వాక్యంలో రాయండి

"సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్" అని రాస్తే లక్షల మందితో మిమ్మల్ని పోలుస్తారు, నిరూపించడం దాదాపు అసాధ్యం. "ఆరోగ్య బీమా క్లెయిముల కోసం ఫలానా క్లౌడ్‌లో ఫలానా టూల్‌తో డేటా మార్చడం" అని రాస్తే, పోటీ లేకుండా చేసుకోవడానికి గీసుకున్న గీత అని ఆఫీసర్‌కి వెంటనే తెలిసిపోతుంది. డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌లు, పేమెంట్ సిస్టమ్స్ భద్రత, సెమీకండక్టర్ వెరిఫికేషన్, కంప్యూటర్ విజన్ లాంటి స్థాయి సరిపోతుంది. ఆ పేరుతో కాన్ఫరెన్సులు, జర్నల్స్, ఉద్యోగాలు, జీతాల సర్వేలు ఉన్నాయా అని చూసుకోండి. ఉంటే అది నిజమైన ఫీల్డ్.

ఒకసారి రాసుకున్నాక ఫైల్ మొత్తంలో అదే ఉండాలి. పిటిషన్ లెటర్‌లో "సైబర్ సెక్యూరిటీ", ఒక సిఫార్సు లేఖలో "క్లౌడ్ ఆర్కిటెక్చర్", పేపర్లు "వైద్యంలో ఏఐ" మీద, అవార్డు "లీడర్‌షిప్"లో. ఇలా ఉన్న ఫైల్ ఏ ఒక్క రంగంలోనూ పేరున్న మనిషిని చూపించలేదు.

మూడో అడుగు: క్రైటీరియా పక్కన పెట్టి, మీ పనితో మొదలుపెట్టండి

చాలామంది పది క్రైటీరియాల పట్టిక ముందు పెట్టుకుని, ఏ మూడు త్వరగా కుదురుతాయో చూస్తారు. నా అభిప్రాయంలో అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. ముందు మీరు చేసిన వాటిలో ఒకటో రెండో అసలైన పనులు ఎంచుకోండి. ఒక్కోదాని కింద ఈ ప్రశ్నలకి జవాబులు రాయండి. దీనికి ముందు ఈ సమస్యని లోకం ఎలా పరిష్కరించేది? నేను కొత్తగా ఏం చేశాను, మా టీమ్‌లో మిగతావాళ్లు చేసినదాని నుంచి నా భాగాన్ని ఎలా విడదీసి చూపగలను? నా కంపెనీ బయట దాన్ని ఎవరు వాడారు, ఎవరు ప్రస్తావించారు, ఎవరు దాని మీద కట్టారు?

మూడో ప్రశ్న దగ్గర కలం ఆగిపోతే ఇంకా ఫైల్ చేసే సమయం రాలేదని అర్థం. ఆగిపోయిందని నిరాశపడక్కర్లేదు, వెతకండి. మీ పేటెంట్‌ని తర్వాత వచ్చిన పేటెంట్లు ప్రస్తావించాయేమో గూగుల్ పేటెంట్స్‌లో చూడండి. ఓపెన్ సోర్స్ కోడ్ అయితే ఏ ప్రాజెక్టులు దాని మీద ఆధారపడుతున్నాయో గిట్‌హబ్ చూపిస్తుంది. ప్రమాణాల సంస్థల్లో మీ ప్రతిపాదన ఏదైనా స్టాండర్డ్‌లోకి వెళ్లిందా? మీ పద్ధతిని వేరే కంపెనీ ఇంజినీరింగ్ బ్లాగులో వివరించిందా? మీ పేపర్‌ని ఒక ప్రోడక్ట్ డాక్యుమెంటేషన్‌లో ప్రస్తావించారా? ఇలాంటివి ఉండి కూడా ఫైల్‌లో పెట్టనివాళ్లు ఎందరో.

నాలుగో అడుగు: ఒక్కో క్రైటీరియాలో ఎక్కడ దెబ్బ తగులుతుందో చూసుకోండి

*సొంత కృషి, పెద్ద ప్రాముఖ్యం.* ఇంజినీర్ల పిటిషన్‌కి ఇది వెన్నెముక, ఎక్కువగా కొట్టేసేది కూడా దీన్నే. ఇందులో రెండు విషయాలు వేర్వేరుగా నిరూపించాలి: పని మీది, కొత్తది అన్నది ఒకటి. ఆ పని రంగానికే పెద్ద ప్రాముఖ్యం ఉన్నదన్నది రెండోది. పేటెంట్ మంజూరైతే మొదటిదానికి ఆధారం దొరికినట్టే. రెండోదానికి అది చాలదు. ఆ పేటెంట్‌కి లైసెన్స్ ఉందా, ఏ ప్రోడక్ట్‌లో ఉంది, ఎంతమంది వాడుతున్నారు అన్నది కావాలి. "కంపెనీకి 4 మిలియన్ డాలర్లు ఆదా అయింది" అన్న వాక్యం కంపెనీకి సంబంధించిన విషయం. విసిన్‌స్కాయా అనే డాన్సర్ కేసులో 2013లో వాషింగ్టన్ డీసీ ఫెడరల్ కోర్టు డినయల్‌ని సమర్థిస్తూ ఇదే తీరులో ఆలోచించింది. ఆమె పద్ధతి ప్రత్యేకమైనదే కావొచ్చు, రంగం మొత్తం మీద దాని ప్రభావం రుజువు కాలేదని తేల్చింది. ఇంజినీర్ల కేసుల్లోనూ ఇదే తర్కం నడుస్తుంది. ఇంకా విడుదల కాని ప్రోడక్ట్, "భవిష్యత్తులో పరిశ్రమని మార్చేస్తుంది" అన్న మాటలు కూడా పనికిరావు. జరిగిపోయిన ప్రభావమే లెక్క.

*లీడింగ్, క్రిటికల్ రోల్.* పెద్ద టెక్ కంపెనీలో స్టాఫ్ ఇంజినీర్‌ని కదా, ఇది తేలిక అనుకుంటారు. కంపెనీకి పేరుంది, నిజమే. మీ పాత్ర మొత్తం కంపెనీకి క్రిటికల్ అని చూపించగలరా? చూపించలేకపోతే మీ డిపార్ట్‌మెంట్‌కి క్రిటికల్ అని చూపించవచ్చు, కానీ అప్పుడు ఆ డిపార్ట్‌మెంట్‌కే సొంతంగా పేరుందని రుజువు చేయాలి. ఈ రెండో సగం మర్చిపోయి డినై అయిన కేసులు చాలా. స్టార్టప్‌లో పనిచేసేవాళ్లకి ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది. వెంచర్ క్యాపిటల్ సంస్థలు గానీ ప్రభుత్వ సంస్థలు గానీ పెట్టిన గణనీయమైన పెట్టుబడిని సంస్థ పేరుప్రతిష్ఠలకి ఆధారంగా యూఎస్‌సీఐఎస్ పరిగణిస్తుంది.

ఇక్కడ ప్రాక్టికల్‌గా ఎదురయ్యే చిక్కు లెటర్. చాలా కంపెనీల హెచ్ఆర్ హోదా, చేరిన తేదీ తప్ప ఇంకేం రాయదు. అప్పుడు మీ పనిని దగ్గర్నుంచి చూసిన పాత డైరెక్టర్‌నో వీపీనో, ముఖ్యంగా కంపెనీ వదిలి వెళ్లినవాళ్లని, వ్యక్తిగత హోదాలో రాయమని అడగండి. లెటర్‌తో పాటు ఆర్గ్ చార్ట్ పెట్టండి. కంపెనీ అంతర్గత డిజైన్ డాక్యుమెంట్లు, డాష్‌బోర్డుల స్క్రీన్‌షాట్లు అనుమతి లేకుండా జత చేయకండి, గ్రీన్ కార్డు మాట అటుంచి ఉద్యోగమే పోవచ్చు. బహిరంగంగా దొరికే రిలీజ్ నోట్స్, కంపెనీ ఇంజినీరింగ్ బ్లాగ్, పేటెంట్ దరఖాస్తులు, కాన్ఫరెన్స్ టాక్స్ వీటితో ఎంత చెప్పగలరో చూడండి.

కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసే మన వాళ్ల సమస్య ఇంకా పెద్దది. పని ఎవరికోసం జరిగిందో ఆ క్లయింట్ నుంచే లెటర్ రావడం బలం. క్లయింట్ మేనేజర్ వ్యక్తిగతంగానైనా రాయకపోతే ఈ క్రైటీరియాని వదిలేసి వేరేదాని మీద బలం పెట్టడం మేలు.

*అధిక జీతం.* ఆధారం ఉంటే ఇది శుభ్రమైన క్రైటీరియా. దెబ్బ తగిలేది పోలికలో. ప్రివైలింగ్ వేజ్ (హెచ్-1బి లాంటి వాటికి కార్మిక శాఖ ఖరారు చేసే నాలుగు స్థాయిల వేతనం) లెవెల్ 4 కంటే ఎక్కువ వస్తోంది కాబట్టి అధిక జీతం అంటారు కొందరు. లెవెల్ 4 అన్నది దాదాపు 67వ పర్సంటైల్ మాత్రమే, శిఖరానికి చాలా కింద. పోల్చాల్సింది అదే వృత్తిలో, అదే మెట్రో ప్రాంతంలో ఉన్నవాళ్లతో. కార్మిక శాఖ గణాంకాల విభాగం బీఎల్‌ఎస్ ఇచ్చే ఓఈడబ్ల్యూఎస్ అనే వృత్తుల వారీ జీతాల గణాంకాల్లో 90వ పర్సంటైల్ అంకె దొరుకుతుంది. ఒక చిక్కు గుర్తుంచుకోండి. ఆ గణాంకాల్లో స్టాక్ బోనస్‌లు కలపరు. మీ డబ్ల్యూ-2 (ఏడాది జీతం చూపే పన్ను పత్రం)లో ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) కలిసి ఉంటాయి. అంటే మీ మొత్తం సంపాదనని వాళ్ల బేస్ జీతంతో పోల్చినట్టవుతుంది, ఆఫీసర్ అది పట్టుకోగలరు. అందుకే రెండు పోలికలూ విడివిడిగా ఇవ్వండి: బేస్‌తో బేస్, మొత్తం ప్యాకేజీతో స్టాక్ కూడా లెక్కించే సర్వే. సొంత స్టార్టప్ పెట్టుకుని జీతం తక్కువ తీసుకునేవాళ్లకి అధిక జీతం వర్తించకపోతే, విలువైన ఈక్విటీని దానికి సమానమైన ఆధారంగా చూపించే వీలుంది.

*జడ్జింగ్.* ఆహ్వానం వచ్చినట్టు మెయిల్ చాలదు, రివ్యూ పూర్తి చేసినట్టు ఆధారం ఉండాలి. ప్రోగ్రాం కమిటీ, ఎడిటోరియల్ బోర్డు స్థాయి ఉంటే ఫైనల్ మెరిట్స్‌లో కూడా పనికొస్తుంది.

*సభ్యత్వాలు.* ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం) సీనియర్ మెంబర్ మీద మనవాళ్లు పెట్టుకునే ఆశ చాలా ఎక్కువ. దానికి ప్రధానంగా కావాల్సింది పదేళ్ల వృత్తి అనుభవం, అందులో ఐదేళ్లు చెప్పుకోదగ్గ పని. క్రైటీరియా అడిగేది జాతీయ, అంతర్జాతీయ నిపుణులు కూర్చుని అసాధారణ విజయాలు చూసి ఇచ్చే సభ్యత్వం. యూఎస్‌సీఐఎస్ పాలసీ మాన్యువల్ ఉదాహరణగా చెప్పేది ఐఈఈఈ ఫెలో స్థాయిని. ఫెలోకీ సీనియర్ మెంబర్‌కీ మధ్య దూరం చాలా ఉంది.

*మీడియా కథనాలు.* కథనం మీ గురించి, మీ పని గురించి ఉండాలి. శీర్షిక, తేదీ, రాసినవారి పేరు ఉండాలి. కంపెనీ ప్రెస్ రిలీజ్, డబ్బు కట్టి వేయించుకున్న ఇంటర్వ్యూ పనికిరావు. ఇక మన తెలుగు దినపత్రికల సంగతి. "మారుమూల పల్లె నుంచి సిలికాన్ వ్యాలీకి" అని జిల్లా పేజీలో ఫొటోతో పడిన కథనం చాలామంది దగ్గర ఉంటుంది. దాన్ని దగ్గర పెట్టుకుని చూడండి. సగం ఊరి గురించి, అమ్మానాన్నల కష్టం గురించి, చదివిన బడికి ఇచ్చిన కంప్యూటర్ల గురించి ఉంటుంది. చేసిన ఇంజినీరింగ్ పని గురించి ఒక వాక్యం ఉంటే గొప్ప. రిపోర్టర్ పేరుండాల్సిన చోట ఊరి పేరు ఉంటుంది. జిల్లా ఎడిషన్ కాబట్టి పత్రిక మొత్తం సర్క్యులేషన్ చెప్పుకోలేం. ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకోవాల్సిన కథనమే, ఈ క్రైటీరియాకి మాత్రం నిలబడదు. నిజంగా మీ పని గురించి వివరంగా రాసిన తెలుగు కథనం ఉంటే తప్పక పెట్టండి. మొత్తం కథనానికి ఇంగ్లిష్ అనువాదం, తాను రెండు భాషల్లో సమర్థుడినని, అనువాదం పూర్తిగా సరిగ్గా ఉందని అనువాదకుడి సంతకంతో ధృవీకరణ జత చేయాలి. అది లేని పేజీని లెక్కలోకి తీసుకోరు.

*వ్యాసాలు.* పరిశ్రమలో ఉన్న ఇంజినీర్‌కి పరిశోధన వ్యాసాలు సహజంగా ఉండవు. అలాంటప్పుడు ఈ క్రైటీరియా తన వృత్తికి వర్తించదని వివరించి, పెద్ద ట్రేడ్ షోలో చేసిన ప్రెజెంటేషన్‌ని దానికి సమానమైన ఆధారంగా చూపవచ్చని పాలసీ మాన్యువలే చెబుతోంది. ఈ దారి ఉండగా ఫైలింగ్ కోసం పేపర్లు పుట్టించడం ఎందుకు?

*అవార్డులు.* కంపెనీ లోపల ఇచ్చే అవార్డులకి జాతీయ గుర్తింపు ఉందని చూపడం కష్టం. టీమ్‌కి వచ్చిన పేరున్న అవార్డు ఉంటే, గ్రహీతల్లో మీరూ ఒకరైతే, 2024 అక్టోబర్ పాలసీ మార్పు తర్వాత అది మీకూ వర్తిస్తుంది.

ఐదో అడుగు: కొన్నవాటిని ఫైల్‌లోకి రానివ్వకండి

ఈ మధ్య "ప్రొఫైల్ బిల్డింగ్" పేరుతో ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఫలానా డాలర్లకి ఇన్ని పేపర్లు, ఒక అవార్డు, రెండు జడ్జింగ్ అవకాశాలు, ఒక పత్రికలో కథనం. ఏళ్ల తరబడి క్యూలో నలిగిపోయిన మనిషికి ఇది ఎంత ఆకర్షణగా ఉంటుందో నాకు తెలుసు. అందుకే గట్టిగా చెబుతున్నాను, వద్దు. ఎంట్రీ ఫీజు కట్టిన దాదాపు అందరికీ ఏదో ఒక పతకం ఇచ్చే అవార్డు సైట్‌ని ఆఫీసర్ ఐదు నిమిషాల్లో చూడగలరు. పద్నాలుగేళ్ల కెరీర్‌లో ఒక్క పేపర్ లేని మనిషికి ఫైలింగ్‌కి ముందు ఎనిమిది నెలల్లో పది పేపర్లు వస్తే, "నిలకడైన పేరు" అన్న మాటకి అది వ్యతిరేక సాక్ష్యం.

డినయల్‌తో పోతే అదృష్టమే. మీరు రాయని పేపర్ మీద మీ పేరు వేసుకుని పిటిషన్‌లో పెడితే అది తెలిసి చేసిన తప్పుడు ప్రకటన కిందకి రావచ్చు. వలస చట్టంలో దానికి శిక్ష జీవితాంతం వర్తించే అనర్హత. ఈబీ-1ఏ ఒక్కటే కాదు, ఈబీ-2 క్యూలో పదేళ్లు నిలబడి తెచ్చుకున్న చోటు కూడా దాంతో ప్రమాదంలో పడుతుంది.

ఆరో అడుగు: లెటర్లు

సిఫార్సు లేఖల్లోనే చాలా ఫైళ్లు ప్రాణం పోగొట్టుకుంటాయి. మామూలుగా వచ్చే లెటర్ ఇలా ఉంటుంది:

"ఈయన అసాధారణ ప్రతిభ గల ఇంజినీర్. ఈయన వినూత్న ఆలోచనలు పరిశ్రమని మార్చేశాయి. తన రంగంలో అగ్రశ్రేణి కొద్దిమందిలో ఈయన ఒకరు అనడంలో సందేహం లేదు."

ఇందులో సరిచూసుకోగల విషయం ఒక్కటీ లేదు. చట్టంలోని మాటలని తిరిగి చెప్పడమే. ఇలాంటి లెటర్లు ఏడు పెట్టినా వాటి బరువు సున్నా. ఇప్పుడు ఊహించుకుని రాసిన ఇంకొకటి చూడండి:

"2021 నాటికి మా పేమెంట్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ తెగినప్పుడు ఒకే లావాదేవీ రెండుసార్లు నమోదయ్యేది. పరిశ్రమలో అప్పటికి వాడుతున్న లాకింగ్ పద్ధతి వల్ల ఆలస్యం పెరిగేది. ఈయన ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన లైబ్రరీని 2022లో మా టీమ్ పరిశీలించి తీసుకుంది. ఈయన కంపెనీకీ మాకూ ఏ వ్యాపార సంబంధం లేదు, అప్పటికి నాకు ఈయన పరిచయం కూడా లేరు. మా ఇన్సిడెంట్ రికార్డుల సారాంశం, కోడ్‌లో ఆ లైబ్రరీ ప్రస్తావన దీనికి జత చేస్తున్నాను."

రెండోదాంట్లో ముందు ఎలా ఉండేది, మీరేం చేశారు, బయటివాళ్లు ఎప్పుడు ఎందుకు తీసుకున్నారు, దానికి కాగితం ఎక్కడుంది, అన్నీ ఉన్నాయి. పొగడ్త ఒక్కటీ లేదు, అవసరం కూడా రాలేదు. ఇలాంటివి రెండు, మీ పనిని లోపలి నుంచి చూసినవాళ్లవి రెండు మూడు ఉంటే చాలు.

అన్ని లెటర్లూ ఒకే చేత్తో, లేదా ఒకే ఏఐ టూల్‌తో రాయించి సంతకాలు పెట్టిస్తే ఒకే వాక్యాలు, ఒకే విశేషణాలు తిరిగి తిరిగి కనిపిస్తాయి. ఆఫీసర్లు డినయల్ నోటీసులోనే ఆ సంగతి రాస్తారు. రాసేవాళ్లకి మీరు వాస్తవాల చిట్టా ఇవ్వండి: తేదీలు, అంకెలు, లింకులు. వాక్యాలు వాళ్లవే ఉండనివ్వండి. వచ్చిన ఇంగ్లిష్ కాస్త వంకరగా ఉన్నా ఫర్వాలేదు.

ఏడో అడుగు: పిటిషన్ లెటర్

లాయర్ రాసిన వాదన ఆధారం కిందకి రాదు, ఇది ఎప్పుడో స్థిరపడిన సూత్రం. లెటర్‌లోని ప్రతి వాక్యం పక్కన ఒక ఎగ్జిబిట్ (జత చేసిన ఆధారం) నంబర్, పేజీ నంబర్ ఉండాలి. ఏ వాక్యానికి నంబర్ రాయలేకపోతున్నారో ఆ వాక్యం తీసేయండి.

క్రైటీరియా మూడో నాలుగో బలంగా ఉంటే అవే వాదించండి. ఏడు క్రైటీరియా క్లెయిమ్ చేసి అందులో నాలుగు బలహీనంగా ఉంటే, ఆ నాలుగింటినీ కొట్టేస్తూ ఆఫీసర్ రాసే పేజీలు మొత్తం నోటీసుకి ఒక స్వరం తెచ్చిపెడతాయి. ఫైనల్ మెరిట్స్‌కి విడిగా ఒక భాగం రాయండి. అందులో క్రైటీరియాలని మళ్లీ వల్లించకుండా పోలిక చూపించాలి. మీ సైటేషన్లు అదే రంగంలో, అదే సంవత్సరపు పేపర్లతో పోలిస్తే ఎక్కడున్నాయి? మీ లైబ్రరీ వాడకం అలాంటి పనే చేసే మిగతావాటితో పోలిస్తే ఎంత? పేరు ఎన్నేళ్లుగా ఉంది? సంవత్సరాల వారీగా ఒక కాలరేఖ గీసి పెట్టడం నాకు బాగా నచ్చిన పద్ధతి. నిలకడ కంటికి కనిపిస్తుంది. నిలకడ లేకపోతే అదీ ముందు మీకే కనిపిస్తుంది.

రుజువు ప్రమాణం "ప్రిపాండరెన్స్", అంటే నిజమయ్యే అవకాశమే ఎక్కువ అని తేలితే చాలు. 2010లో చవాతే కేసులో ఏఏఓ ఇది స్పష్టం చేసింది. క్రిమినల్ కేసులా సందేహానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు. ఈ మాట లెటర్‌లో ఉండాలి.

ఎనిమిదో అడుగు: ఫైల్ చేసే రోజు

అర్హత ఫైల్ చేసిన రోజుకే ఉండాలి. రివ్యూ చేస్తున్న పేపర్ వచ్చే నెల పూర్తవుతుంది, పేటెంట్ త్వరలో మంజూరవుతుంది, ఆర్టికల్ ప్రెస్‌లో ఉంది అంటే ఆగండి. తర్వాత జరిగినవాటిని ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు కావాలని ఆఫీసర్ పంపే నోటీసు) జవాబులో పెట్టినా లెక్కలోకి రావు. ఈ ఒక్క కారణంతో మంచి ఫైళ్లు పోతాయి, పోవాల్సిన అవసరం లేకుండా.

అమెరికాలో అదే రంగంలో పని కొనసాగిస్తారని కూడా చూపాలి. ఉద్యోగ ఆఫర్ లెటర్, కాంట్రాక్ట్, లేదా మీ ప్రణాళిక వివరిస్తూ మీ సంతకంతో ఒక స్టేట్‌మెంట్. ఇంజినీర్‌గా పేరు తెచ్చుకుని ఇప్పుడు ప్యూర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లినవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి, రంగం మారిందన్న ప్రశ్న వస్తుంది.

ఫీజుల సంగతి: 2024 ఏప్రిల్ 1 నుంచి ఐ-140కి 715 డాలర్లు, సొంతంగా వేసుకునేవాళ్లకి అదనంగా అసైలం ప్రోగ్రాం ఫీజు 300 డాలర్లు. త్వరగా చూడమని అదనంగా కట్టే ప్రీమియం ప్రాసెసింగ్ ఫీజు వేరు, దానికి గడువు 15 పని దినాలు. ఫీజులు మారుతుంటాయి, పంపే రోజున యూఎస్‌సీఐఎస్ సైట్‌లో చూసుకోండి.

తొమ్మిదో అడుగు: ఆర్‌ఎఫ్‌ఈ వస్తే

టెన్షన్ పడకండి, ఇది డినయల్ కాదు. సాధారణంగా 12 వారాల గడువు ఉంటుంది. ఎన్‌ఓఐడీ (డినై చేయబోతున్నామని ముందే చెప్పే నోటీసు) అయితే 30 రోజులే. జవాబు ఒక్కసారే, మొత్తం ఒకే కట్టగా పంపాలి. తర్వాత ఇంకో కాగితం పంపే వీలు లేదు.

నోటీసుని వాక్యం వాక్యం విడగొట్టి, ప్రతి అభ్యంతరం పక్కన కొత్త ఆధారం ఏముందో రాసుకోండి. పాత లెటర్లనే ఇంకా గట్టి విశేషణాలతో తిరగరాయించి పంపడం పనికిరాని పని. ఆఫీసర్ ఒప్పుకున్న క్రైటీరియా ఏవో కూడా నోటీసులో ఉంటాయి, వాటిని వదిలి మిగిలినవాటి మీద, ముఖ్యంగా ఫైనల్ మెరిట్స్ మీద శ్రమ పెట్టండి. ఆఫీసర్ క్రైటీరియాలో లేని షరతు అడిగితే, మర్యాదగా పాలసీ మాన్యువల్‌లోని ఆ భాగాన్ని చూపించి అలా ఎందుకు అడగకూడదో రాయండి.

పదో అడుగు: డినై అయితే

ముందు ఇంట్లో వాళ్లకి ఈ మాట చెప్పండి: ఐ-140 డినై అయినంత మాత్రాన హెచ్-1బి స్టేటస్ పోదు, కంపెనీ వేసిన పాత ఈబీ-2 ఐ-140కీ దాని డేట్‌కీ ఏమీ కాదు.

తర్వాత దారులు చూడండి. ఐ-290బి ఫారంతో 30 రోజుల్లో, నోటీసు పోస్టులో వస్తే 33 రోజుల్లో, అప్పీల్ లేదా మోషన్ వేయవచ్చు. కొత్త వాస్తవాలుంటే రీఓపెన్ మోషన్, ఆఫీసర్ చట్టాన్ని తప్పుగా అన్వయించారనిపిస్తే రీకన్సిడర్ మోషన్, పైవాళ్లు చూడాలంటే ఏఏఓకి అప్పీల్. ఫెడరల్ కోర్టు కూడా ఉంది. ఇవేవీ కాకుండా కొత్త పిటిషన్ వేయడానికి ఏ అడ్డూ లేదు, ఎన్నిసార్లన్న పరిమితీ లేదు. ఆధారాలే బలహీనంగా ఉండి డినై అయితే నేను చెప్పేది ఇదే: అప్పీల్‌కి డబ్బు పెట్టకుండా, ఏడాదో రెండేళ్లో పని మీద పెట్టి, మెరుగైన ఫైల్‌తో మళ్లీ రండి. కొత్త ఫారంలో పాత పిటిషన్ గురించి అడుగుతారు, దాచకుండా రాయండి. పాత ఫైల్ ఆఫీసర్ ముందు ఉండొచ్చు, అందుకని రంగం పేరు, తేదీలు, మీ పాత్ర వివరణ పాతదానికి పొంతన కుదరాలి.

చివరగా, ఐ-140తో పాటే ఐ-485 (గ్రీన్ కార్డు కోసం వేసే చివరి దరఖాస్తు) వేసినవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ ఐ-485 ఈ ఐ-140 మీదే ఆధారపడి ఉంటే, ఇది డినై కాగానే అదీ పోతుంది, దాని మీద వచ్చిన ఈఏడీ (పని అనుమతి కార్డు) కూడా నిలవదు. ఈఏడీ చేతికొచ్చిందని హెచ్-1బిని వదిలేసి ఉంటే, ఆ రోజు నుంచి పని చేసే హక్కే ఉండదు. అందుకే ఐ-140 అప్రూవల్ నోటీసు చేతికొచ్చేదాకా హెచ్-1బి ఎక్స్‌టెన్షన్లు ఆపకండి, జీవిత భాగస్వామి హెచ్-4 (హెచ్-1బి మీద ఆధారపడినవాళ్ల వీసా) కూడా.